పిల్లి ఉన్న ఇంట కోడిపిల్లలు

కోడిపిల్ల కీచుమన్నా, గింజ కోసం పరుగెత్తినా పిల్లిలో వేట బుద్ధి మేల్కొంటుంది. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది కాబట్టి, దానికి పాలూ చేపముక్కలూ పెట్టినంత మాత్రాన ముప్పు తప్పదు.

తల్లికోడి వెంట ఉంటే పిల్లలకు కొంత రక్షణ. రెక్కలు విప్పి మీదికి వచ్చే తల్లిని చూసి చాలా పిల్లులు వెనక్కి తగ్గుతాయి. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాల పిల్లలను మాత్రం సాధారణంగా తల్లి లేకుండానే, బల్బు వెచ్చదనంలో పెంచుతారు. వాటికి మొదటి 6 వారాలూ గట్టి గూడే దిక్కు. వెదురు గంప బోర్లిస్తే చాలదు. పిల్లి దాన్ని పడదోయగలదు, సందుల్లోంచి పంజా దూర్చగలదు. అర అంగుళానికి మించని కన్నాలున్న ఇనుప జాలీ, పైకప్పు, గడియ తలుపు ఉండాలి. అదే జాలీ ఎలుకలనూ చాలావరకు ఆపుతుంది. బల్బును తీగతో బిగించి కట్టడం మరీ ముఖ్యం: పిల్లి దూకిన అదురుకు అది ఊకలో పడితే గూడే అంటుకుంటుంది.

పిల్లిని జాలీ బయటి నుంచి, మనిషి పక్కనుండగా అలవాటు చేయవచ్చు. అది చూపు తిప్పకుండా నక్కితే వెంటనే ఎత్తుకుపోవాలి. ఎదిగిన కోడి జోలికి చాలా పిల్లులు పోవు. పిల్లి కోరల్లో బాక్టీరియా ఉంటుంది. చిన్న గాటు పడినా కోడిపిల్లను ఆ రోజే పశువైద్యునికి చూపించాలి.