రాష్ట్రపతిని ముందుగా ఎంచేదెవరు?



మా వేదాద్రి వైపు పల్లెల్లో "ప్రెసిడెంటు గారు" అంటే ఢిల్లీలో ఉండే రాష్ట్రపతి కాదండీ, పంచాయతీ సర్పంచి గారు. ఆయన్ని ఎన్నుకునే రోజున మనమంతా వరుసలో నిలబడి ఓటు వేస్తాం. రచ్చబండ దగ్గర పెద్దలు నలుగురు కూర్చుని ముందే ఒక పేరు అనుకున్నా సరే, ఆ పేరు మనకి నచ్చకపోతే మన ముద్ర ఇంకో గుర్తు మీద పడుతుంది. ఢిల్లీ ప్రెసిడెంటు గారి విషయంలో మనకి ఆ భాగ్యం లేదు. మన తరఫున ఎమ్మెల్యేలూ, ఎంపీలూ వేస్తారు. 2022 ఎన్నికలో జగ్గయ్యపేట ఎమ్మెల్యే ఓటు విలువ 159, నందిగామ ఎమ్మెల్యేదీ అంతే. సరిహద్దు దాటి కోదాడ వెడితే అక్కడి ఎమ్మెల్యేది 132. ఎంపీ ఓటైతే 700.

ఈ లెక్కలు అలా ఉంచండి. పాలక పక్షం వారు ఎవరి పేరు చెబితే దాదాపు ఎప్పుడూ వారే గెలుస్తూ వచ్చారు. అంటే అసలు ఎన్నిక ఓట్ల పెట్టె దగ్గర కాదు, అంతకుముందే ఒక గదిలో అయిపోతోందన్న మాట. పెళ్లిపందిట్లో అక్షింతలు వేసేవారు వందలమంది ఉంటారు. సంబంధం ఖాయం చేసేది మాత్రం ముగ్గురో నలుగురో కదూ?

అలా గదిలో ఖాయమైన సంబంధం పందిట్లోకి వచ్చాక తప్పిపోయింది ఒక్కసారే, 1969లో. చిత్రమేమంటే ఆ పోటీలో ముఖ్యులైన ముగ్గురికీ మన తెలుగింటితో చుట్టరికం ఉంది.

ఆ సంవత్సరం మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ గారు పదవిలో ఉండగానే కాలం చేశారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి గారు తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన బరంపురంలో పుట్టిన తెలుగువారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పెద్దలు సమావేశమైనప్పుడు, అభ్యర్థిని నిర్ణయించే పని పార్లమెంటరీ బోర్డు మీద పడింది. బోర్డులో ఎనిమిదిమంది. అందులో స్త్రీ ఒక్కరే, ఆవిడ దేశానికి ప్రధానమంత్రి. ఇందిరాగాంధీ గారు జగ్జీవన్ రామ్ గారి పేరు చెప్పారు. కామరాజ్, ఎస్.కె. పాటిల్, మొరార్జీ దేశాయి గార్లు లోక్‌సభ స్పీకరుగా ఉన్న మన నీలం సంజీవరెడ్డి గారి పేరు చెప్పారు. తన పక్షాన ఉంటారనుకున్న చవాన్ గారు కూడా అటే ఓటు వేశారు. ఇందిరగారి వైపు ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారొక్కరే నిలిచారు. అధ్యక్షుడు నిజలింగప్ప గారూ, తన పేరే చర్చకు వచ్చింది గనుక జగ్జీవన్ రామ్ గారూ ఓటు వెయ్యలేదు. నాలుగూ, రెండూ. అంతే! కోట్లాదిమంది జనం ఉన్న దేశానికి ప్రథమ పౌరుడి పేరు ఆరు ఓట్లతో తేలిపోయింది.

ఎవరైతేనేం, రాష్ట్రపతి సంతకాలు పెట్టేవారే కదా అనుకుంటాం. కాని ప్రధానమంత్రిని ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని పిలిచేది ఆయనే. సిండికేటు అని పేరుపడ్డ ఆ పెద్దలు, తమ మనిషి అక్కడ ఉంటే తనను దించడం తేలికవుతుందని చూస్తున్నారని ఇందిరగారి అనుమానం. అందుకే ఆ పదవికి అంత పట్టుదల.

ఆ తర్వాత సంగతులు చకచకా జరిగిపోయాయి. జూలై 16న మొరార్జీ గారి దగ్గర్నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. 19న 14 బ్యాంకులు జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్సు మీద సంతకం చేసింది గిరిగారే. మర్నాడే ఆయన పదవికి రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. స్వతంత్ర పార్టీ, జనసంఘం వారు చింతామణి దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టారు. ఆయనెవరో చెప్పాలా? మన దుర్గాబాయమ్మ గారి భర్త, ఆంధ్రుల అల్లుడు!

సంజీవరెడ్డి గారి నామినేషను మీద ఇందిరగారు సంతకం చేశారు. చేసి కూడా, ఆయనకే ఓటు వెయ్యాలని పార్టీ వారిని కట్టడి చెయ్యనన్నారు. రెండో ప్రాధాన్యపు ఓట్ల కోసం నిజలింగప్ప గారు జనసంఘం, స్వతంత్ర నాయకులతో మాట్లాడటం ఆవిడకి మంచి సాకు దొరికినట్టయింది. "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటు వేసుకోండని చెప్పేశారు. ఆ మాట అప్పట్లో మన వంటిళ్లలోకి కూడా వచ్చిందట. మా అత్తగారు అప్పుడు జగ్గయ్యపేటకి కొత్తకోడలు. ఇవాళ కూర ఏం చెయ్యాలమ్మా అని వాళ్ల అత్తగారిని అడిగితే "నీ అంతరాత్మ ఏం చెబితే అది చెయ్యి" అనేవారట!

నన్నడిగితే, తాంబూలాలు పుచ్చుకున్నాక వేరే సంబంధం చూడటం మర్యాద కాదు. ఇష్టం లేకపోతే ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది. అలాగని ఆ పెద్దలు చేసినదీ నాకు సబబుగా కనబడదు. రేపటినుంచి ఆ రాష్ట్రపతితో కలిసి పని చెయ్యవలసినది ప్రధానమంత్రి. ఆవిడ వద్దన్న పేరుని రెండు ఓట్ల ఆధిక్యంతో ఆవిడ నెత్తిన పెట్టారు. ఇంట్లో ఇలాంటి పని చేస్తే ఆ కాపురం నిలుస్తుందా? అక్కడా నిలవలేదు. నవంబరులో ఇందిరగారిని పార్టీ నుంచి వెళ్లగొట్టారు, కాంగ్రెసు రెండు ముక్కలయింది.

ఆగస్టు 16న ఓట్లు పడ్డాయి, 20న లెక్కించారు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. గెలవడానికి ఎవరికీ చాలలేదు. రెండో ప్రాధాన్యపు ఓట్లు కలిపితే గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయ్యాయి. తేడా 14,650. అప్పట్లో ఎంపీ ఓటు విలువ 576 కనుక, ఇది పాతికమంది ఎంపీల ఓట్ల పాటి! 2022 దాకా జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో లెక్కదాకా పోయింది ఇదొక్కటే. ఓటు రహస్యం కాబట్టే అది సాధ్యపడింది. ఆ గదిలో చేతులెత్తి తేల్చుకున్నదాన్ని, చాటున ఓటు వేసినవారు తిరగేశారు.

సంజీవరెడ్డి గారు అనంతపురం వెళ్లిపోయి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో కథ మారింది. రాష్ట్రంలో 42 స్థానాలుంటే 41 కాంగ్రెసుకి పోయాయి. జనతా పార్టీకి దక్కిన ఆ ఒక్క నంద్యాల సంజీవరెడ్డి గారిదే. అప్పుడు ప్రధానమంత్రి మొరార్జీ గారు రాష్ట్రపతి పదవికి ముందు అడిగింది ఎవరిననుకున్నారు? కళాక్షేత్రం రుక్మిణీదేవి అరండేల్ గారిని! ఆవిడ వద్దన్నారు. తరువాత అందరూ ఒప్పుకుని సంజీవరెడ్డి గారినే నిలబెట్టారు. నామినేషన్లు 37 పడితే, 36 చెల్లకుండా పోయి, పోటీ లేకుండానే నెగ్గారు. ఎనిమిదేళ్ల కిందట చెయ్యిజారిన పదవి అలా ఇంటికే వచ్చింది.

2002లో కూడా ఈ ఎంపికలో మన వారి చెయ్యి ఉంది. అబ్దుల్ కలాం గారు చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ప్రధానమంత్రి వాజపేయి గారితో ఫోను కలపబోతున్నారు. ఈలోగా చంద్రబాబునాయుడు గారు ఆయనకి ఫోను చేసి, ప్రధాని అడిగేదానికి కాదనవద్దని చెప్పారట. కలాం గారే తమ పుస్తకంలో రాసుకున్నారు. ఆలోచించుకోవడానికి ఆయన రెండు గంటలు గడువు అడిగారు. పిల్లని చూడవచ్చినవారు కూడా అంతకంటే ఎక్కువ గడువిస్తారు లెండి. కలాం గారి మీద పోటీ చేసినది ఆజాద్ హింద్ ఫౌజు కెప్టెన్ లక్ష్మీ సెహగల్ గారు.

ఆడవాళ్లు ఆ పదవిలోకి రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. 2007లో ప్రతిభా పాటిల్ గారు, 2022లో ద్రౌపది ముర్ము గారు వచ్చారు. సంతోషమే. అయితే 2022 జూన్ 21న ముర్ము గారి పేరు ఖాయం చేసిన భారతీయ జనతా పార్టీ పార్లమెంటరీ బోర్డులో, ఆనాటికి స్త్రీ ఒక్కరు కూడా సభ్యురాలిగా లేరు. అంతకుముందు సుష్మా స్వరాజ్ గారుండేవారు. ఆవిడ 2019లో పోయాక ఆ చోటు అలాగే ఉండిపోయింది. 2022 ఆగస్టు 17న, అంటే ముర్ము గారు ప్రమాణం చేసి మూడు వారాలు దాటాక, ఆ బోర్డులోకి సుధా యాదవ్ గారిని తీసుకున్నారు.