పురుగుమందుల వాడుక - తల్లిదండ్రులకు కొన్ని మాటలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సమావేశములో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలో చదువును గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు మాటలాడుట వాడుక. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో ఉన్నవి. నాకిచ్చిన సమయమును నేను పురుగుమందులకు వినియోగింపదలచితిని. అది వ్యవసాయశాఖవారి పని గదా, పంతులుగారికెందుకని కొందరికి తోచవచ్చును. మన పిల్లలలో చాలమంది తుంగభద్ర ఆయకట్టులోని క్యాంపులనుండి వచ్చువారు. వరి పొట్టకు వచ్చు దినములలో మా హాజరుపట్టీ చూచిన చాలును, ఏ యింట మందు కొట్టుచున్నారో తెలిసిపోవును. పైపు పట్టుటకు పిల్లవాడు కావలెను గనుక ఆనాడు వాడు బడికి రాడు. కావున ఇది నా పనియే.

మనము దానిని "మందు" అనుచున్నాము. మన కన్నడ సోదరులును ఔషధమనియే అందురు. ఇండోనేషియా రైతులు కూడ తమ భాషలో మందు అను అర్థము గల "ఓబత్" అను మాటనే వాడుదురట. (మన భాషలో "మందు కొట్టుట"కు మరియొక అర్థము కూడ వచ్చి చేరినది. అది వేరు ఉపన్యాసమునకు తగిన విషయము.) విషమునకు మందని పేరు పెట్టిన పిదప చేయి దానికి భయపడదు. ఒక మూత చాలునన్నచోట రెండు మూతలు పోసిన రోగము త్వరగా కుదురునని మనస్సునకు తోచును.

ఈ భ్రమ చదువురాని రైతునకే కలుగునని తలంపకుడు. పెద్ద పెద్ద ప్రభుత్వములకును, వాటికి సహాయము చేసిన అంతర్జాతీయ సంస్థలకును కలిగినది. 1976వ సంవత్సరమున పాకిస్తాన్ దేశమున మలేరియా నిర్మూలనకై విదేశ సహాయముతో ఇండ్లలో మలాథియాన్ చల్లించిరి. ఆ పనిలో సుమారు 7,500 మంది ఉండిరి. జూలై నెల యొక్కదానిలోనే సుమారు 2,800 మందికి విషము సోకినదని అంచనా, కొందరు మరణించిరి. మలాథియాన్ ఆ జాతి మందులలో సాధువైనదని పేరు పొందినది. మరి ఇట్లేల జరిగినది? విచారింపగా రెండు సంగతులు బయటపడినవి. కొన్ని రకముల పొడిలో ఐసోమలాథియాన్ అను మరియొక పదార్థము పుట్టియుండెను. సరుకు నిలువ యుండగా అది పుట్టును. దానివలన మందు మరింత విషమగును. రెండవది పనివారి అలవాటు. వారు అంతకు పూర్వము డి.డి.టి. చల్లినవారు. చేతితో కలుపుట, కారుచున్న పంపును వీపున మోయుట, తడిసిన బట్టలతోనే దినమంతయు పనిచేయుట డి.డి.టి.తో చెల్లినది. మలాథియాన్‌తో చెల్లలేదు. గాలిలో ఉన్న మందు అతి స్వల్పమని పరీక్షలలో తేలినది. విషము లోనికి పోయినది ముక్కుగుండ కాదు, చర్మముగుండ. పని పద్ధతి మార్చి, ఆ చెడిన రకములను మానిన వెంటనే సెప్టెంబరు నాటికి జబ్బు తగ్గినది.

ముక్కునకు తుండుగుడ్డ చుట్టుకొని, మోకాళ్ళవరకు లుంగీ ఎగగట్టి, ఉత్తకాళ్ళతో మడిలో దిగి, "నాకేమి, గుడ్డ కట్టుకొంటిని" అను మన రైతు ఈ కథను వినవలెను.

ఆ కాలముననే అమెరికాలో కొన్ని సంఘములు తమ ప్రభుత్వ సహాయసంస్థపై న్యాయస్థానమున దావా వేసినవి. మంచిచెడ్డలు విచారింపకయే మందులను పరదేశములకు సమకూర్చుచున్నారని వారి ఆక్షేపణ. దాని ఫలితముగ 1976లో నిబంధనలు వచ్చినవి. ఆ సంస్థ సొమ్ముతో మందు కొనవలెనన్న, ఆ మందే ఏల, మందు లేని ఉపాయమేదైన కలదా, చల్లువారికి రక్షణ సామగ్రి దొరకునా, వారికి శిక్షణ ఎవరిత్తురు అని ముందుగ వ్రాసి చూపవలసియుండెను. ఆ సంస్థ పని 2025లో నిలిచిపోయినది. అయినను ఆ ప్రశ్నలు మన యింటి వసారాలో వేసికొనదగినవే.

ఇక ఇండోనేషియా సంగతి. ఇది మనకు మిక్కిలి దగ్గర, ఏలయన అచటి శత్రువు మన సుడిదోమయే. ఆ ప్రభుత్వము మందుల ధరలో అధికభాగమును తానే భరించి రైతులకు చౌకగ ఇచ్చెను. రైతులు విరివిగ చల్లిరి. చల్లినకొలది దోమ పెరిగినది! కారణము చిత్రమైనది. సుడిదోమ గ్రుడ్లను వరి ఆకుతొడిమలో దాచి పెట్టును. మందు దానికి తగలదు. మడిలో తిరుగు సాలెపురుగులు దోమను తినునవి. అవి మందుతో ముందుగ చచ్చును. గ్రుడ్లు పొదిగి దోమపిల్లలు బయటికి వచ్చునప్పటికి వాటిని తినువారెవరును లేరు. కాపలావానిని మనమే చంపి దొంగకు తలుపు తెరచినట్లైనది. 1986లో అధ్యక్షుడు సుహార్తో 57 రకముల మందులను వరిపై వాడరాదని ఉత్తరువు చేసెను. 1989లో మందులకిచ్చు రాయితీని పూర్తిగ తీసివేసిరి. పంట తగ్గలేదు.

అటుపిమ్మట ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో వారొక క్రొత్తరకపు బడి పెట్టిరి. సుమారు పాతికమంది రైతులు వారమునకొకమారు మడిగట్టున చేరి, మొక్కలను పట్టి చూచి, చెడు పురుగులెన్ని, మేలు పురుగులెన్ని అని లెక్కించి, బొమ్మ గీసి, చల్లవలయునా వలదా అని తామే నిశ్చయించుకొందురు. పంటకాల మంతయు ఇదే పాఠము. పది సంవత్సరములలో పదిలక్షలమందికి పైగా రైతులు ఆ బడులలో చదివిరి. దీనినే ఆంధ్రదేశమున "పొలంబడి" అను చక్కని పేరుతో నడపిరి. పంతులును గనుక నాకు ఈ పేరు ఎంతయో ప్రీతి.

ఆ ఆహార వ్యవసాయ సంస్థయే 1985లో మందుల విషయమున ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించినది. అందొక మాట మనకు ముఖ్యము. ఏ మందును వాడుటకు అసౌకర్యమైన లేక ఖరీదైన రక్షణ దుస్తులు కావలయునో, ఆ మందును ఉష్ణదేశములలోని చిన్న రైతులు వాడకుండుటయే మంచిదని దాని భావము. మన ఎండలో రబ్బరు కోటు ధరించి ఎవడు పనిచేయగలడు? డబ్బాపై ఎర్ర త్రికోణము, దానిపైన పుఱ్ఱె గుర్తు చూచినప్పుడు, "దీనికి తగిన తొడుగు నాకు లేదు" అని దుకాణములోనే తిరిగి యిచ్చివేయవలెను. మన దేశపు చట్టము ప్రకారము ఎరుపు అత్యంత విషము, పసుపు దాని తరువాతది, నీలము, ఆకుపచ్చ క్రమముగ తక్కువవి. ఆకుపచ్చ అనిన పాలని అర్థము కాదు.

ఇల్లాండ్రు ఒక సంగతిని దయతో వినవలెను. 1958లో కేరళలో పారాథియాన్ తగిలిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. ధాన్యమును విషమును ఒకే ఓడలో తెచ్చినందువలన కలిగిన ఉపద్రవమది. మన 1968 చట్టము ఆ దుఃఖమునుండి పుట్టినదే. అయినను 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఆ వార్త చదివిన నాటినుండి మన వంటశాలలోనికి క్రొత్త డబ్బా ఏది వచ్చినను ఎక్కడిదని అడుగకుండ నేను లోనికి రానీయను. మీ యింటనైనను కడిగిన మందుడబ్బాలో నూనెగాని, నీళ్ళుగాని, ఉప్పుగాని పోయకుడు. ముమ్మారు కడిగి, ఆ నీటిని పంపులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడువుడు. చిల్లుపడిన డబ్బాను ఎవరును ఆశించరు.

మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు పట్టి, నోట నీరూరి, వాంతులై, కంటిపాప చిన్నదై, కండరములు అదరిన, వడదెబ్బ యని మజ్జిగ త్రాగించి పరుండబెట్టుచున్నారు. అది వడదెబ్బ కాకపోవచ్చును. బట్టలు విప్పి, సబ్బుతో ఒడలు కడిగి, 108కి ఫోను చేసి, మందుడబ్బా కాగితముతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. ఏ మందో తెలిసిననే వైద్యునికి దారి దొరకును.

ఆ కాగితము విషయము చెప్పి విరమించెదను. మనయూరి దుకాణములలో దొరకు డబ్బాల కాగితములు తరచుగ ఇంగ్లీషు, హిందీ, కన్నడములలో ఉండును. మన పెద్దవారిలో తెలుగు తప్ప వేరు చదువలేనివారు పలువురు. మన పిల్లలో, తెలుగును కన్నడమును సమముగ చదువుదురు. కావున ఏడవ తరగతి పిల్లలచేత అట్టి కాగితములను తెలుగులో వ్రాయించు పని పెట్టితిమి. వచ్చు శనివారము వారు మీకు చదివి వినిపింతురు, కూర్చుండి వినుడు. కాగితములను మాత్రము మీరే విడదీసి పంపుడు. డబ్బాలను పిల్లలచేతికి ఇచ్చి బడికి పంపవలదు.