హాజరు పట్టీలో మూడో గడి

(తిరుపతిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వలసల మీద మనం ఎన్ని సభలు పెట్టుకున్నామో లెక్కలేదు. వాన రాలేదని, చెనక్కాయ పండలేదని, బోరు ఎండిందని చెప్పుకున్నాం. వలస పోయే మనిషి గురించి చెప్పుకున్నాం గానీ, ఆ మనిషి చంకనెక్కి పోయే బిడ్డ గురించి, అవ్వ దగ్గర వదిలేసిన బిడ్డ గురించి చెప్పుకున్నది తక్కువ. ఈరోజు ఆ బిడ్డ గురించే మాట్లాడతాం.

కుప్పం నుంచి బెంగళూరుకు తెల్లవారుజామున రైలెక్కి బేల్దారి పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు కనీసం ఇంట్లో పడుకుంటారు. తంబళ్లపల్లె, ములకలచెరువు వైపు నుంచి కుటుంబంతో సహా పోయేవాళ్ల సంగతి వేరు. ఇంటికి తాళం పడుతుంది. ఇటుకల బట్టీ పని డిసెంబరు, జనవరిల్లో మొదలై వానలు పడేదాకా సాగుతుంది. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం మధ్యలో తిరిగి రాలేదు. బడి జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు. అంటే సంకురాత్రి దాటాక పోయిన పిల్లవాడు తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. చిత్తూరులో మామిడికాయ కోతలు జూన్, జూలైల్లో జోరు మీదుంటాయి. తోటల్లోకి పోయే కుటుంబాల పిల్లలకు బడి తెరిచిన మొదటి నెలే పోతుంది. మన సేద్యానికీ, కూలికీ ఒక క్యాలెండరు, బడికి ఇంకొక క్యాలెండరు.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని చట్టం చెబుతుంది. అందులో 75 శాతం అంటే 165 రోజులు. 55 రోజులకు మించి బడి మానకూడదన్నమాట. సంకురాత్రి సెలవుల తర్వాత బట్టీకి పోయిన బిడ్డ ఏప్రిల్ దాకా పోగొట్టుకునేది 70 రోజుల పైమాటే. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం మన చిత్తూరులోనే మొదలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. పార్టీలు మారాయి, పేర్లు మారాయి, 75 శాతం హాజరు అనే షరతు మాత్రం నిబంధనల్లో అట్లనే ఉంది. బిడ్డను బడికి పంపలేనంత పేదరికంలో ఉన్న తల్లికే ఆ డబ్బు అందకుండా పోయే ఏర్పాటు ఇది. షరతు పెట్టినవాళ్లకు దుర్మార్గపు ఆలోచన ఉందని మేము అనడం లేదు. వాళ్ల కంటికి బట్టీ కనపడలేదు, అంతే.

ఇక్కడ మన ఉపాధ్యాయ మిత్రులతో ఒక కష్టమైన మాట చెప్పాలి. జాలిపడి హాజరు వేసేవాళ్లున్నారు. ఆ తల్లికి రావలసింది పోకూడదని, బడిలో సంఖ్య తగ్గితే పోస్టు పోతుందని వేస్తారు. వాళ్ల బాధ మాకు తెలుసు. కానీ ఆ టిక్కు పడిన రోజు నుంచి ఆ ఊరిలో వలసే లేదు. బిడ్డ బడిలో ఉన్నాడని కాగితం చెబుతుంటే సీజనల్ హాస్టల్ ఎవరు మంజూరు చేస్తారు? ఇంకొన్ని చోట్ల పేరే కొట్టేస్తారు. అప్పుడు బిడ్డ 'డ్రాపౌట్' అవుతాడు. ఉన్నాడు, మానేశాడు అని రెండే గడులు. పనికి పోయాడు, మళ్లీ వస్తాడు అనే మూడో గడి పట్టీలో లేదు. మేము అడుగుతున్నది ఆ గడి. ఏ ఊరికి పోయాడు, ఏ పనికి, ఎప్పుడు తిరిగొస్తాడు అని నిజం రాస్తే ఉపాధ్యాయుడికి నష్టం రాకూడదు, తల్లికి డబ్బు ఆగకూడదు.

నిజం రాస్తే ఏం చేయొచ్చో చేసి చూపినవాళ్లు ఉన్నారు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సీజనల్ హాస్టళ్లు నడిచాయి. తల్లిదండ్రులు పోయినా బిడ్డ ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకునే ఏర్పాటు అది. హైదరాబాదు చుట్టుపక్కల బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు ఒడియా పుస్తకాలతోనే పని దగ్గర బడులు పెట్టారు. ఒడియా బిడ్డకు హైదరాబాదు పక్కన చేయగలిగింది, తెలుగు బిడ్డకు బెంగళూరులో ఎందుకు చేయలేరు? అక్కడ కన్నడ బడిలో కూర్చున్నా ఒక్క అక్షరం అర్థంకాక బయటికొచ్చి ఇసుక జల్లెడ పడుతున్నాడు.

ఇంకొక సంగతి మన నేలమీదే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. పాఠాలను నిచ్చెన మెట్ల మాదిరిగా కార్డులుగా చేసి, ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఆగాడో అక్కడి నుంచే మళ్లీ ఎక్కనిస్తారు. రెండు నెలలు రాకపోయినా క్లాసు ముందుకు పోయిందన్న భయం ఉండదు. వలస బిడ్డ కోసమే కొలత తీసి కుట్టినట్టుంటుంది. తమిళనాడు వాళ్లు వచ్చి చూసి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, 2007 నాటికి రాష్ట్రమంతా ప్రాథమిక బడుల్లోకి తీసుకుపోయారు. మన దగ్గర స్నేహబాల కార్డులని కొంతకాలం నడిపారు. ఇంటి ముందరి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా!

చట్టం లేక కాదు. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవాల్సిన బాధ్యత స్థానిక సంస్థదేనని స్పష్టంగా ఉంది. ఐదో సెక్షన్ ప్రకారం టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి. టీసీ లేదని చేర్చుకోకపోవడం కుదరదు. ఆలస్యం చేసే హెడ్మాస్టరు మీద చర్య తీసుకోవచ్చు. ఈ ముక్క ఎంతమంది తల్లులకు తెలుసు?

2014లో రాష్ట్రం రెండయింది, 2022లో చిత్తూరు జిల్లా మూడుగా చీలింది. సరిహద్దుల గురించి మనకంటే ఎక్కువ మాట్లాడినవాళ్లు లేరు. కుప్పం బిడ్డకు రెండు రాష్ట్రాల సరిహద్దులు కూతవేటు దూరంలో ఉన్నాయి. వాటిలో ఏది దాటినా వాడి పేరు ఎక్కడా కనపడదు. వాడి పేరు వాడి వెంట పోవాలి.

పనిలోకి దిగుదాం. సంకురాత్రికి ముందే, తాళాలు పడకముందే, ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులు జట్లుగా పడమటి మండలాలకు పోయి, ఇంటింటికీ తిరిగి పోయే పిల్లల జాబితా రాయాలి. ఉపాధ్యాయులు దాన్ని పట్టీతో సరిచూడాలి. ఆ జాబితా పట్టుకుని మనందరం కలిసి కలెక్టరు దగ్గరికి పోయి ఊరి పేర్లతో సీజనల్ హాస్టళ్లు అడుగుదాం. దేవస్థానం తల్లిదండ్రులు లేని పిల్లలకు బాలమందిరం నడుపుతోంది. తల్లిదండ్రులుండీ ఆరు నెలలు దూరమైన పిల్లల కోసం కూడా నాలుగు గదులు తెరవమని అక్కడా అడుగుదాం. తిరుపతి నుంచి వచ్చిన విద్యార్థులు ఈ సభ అయ్యాక ఇక్కడే ఆగండి, మండలాలు పంచుకుందాం.