మన క్రాఫ్టు పీరియడు

మిత్రులారా! నలభై ఏళ్లుగా నా స్కూటరు రిపేర్లు ఇంట్లో నేనే చేసుకుంటున్నాను. ప్లగ్గు, బ్రేక్ షూలు, క్లచ్ వైరు, అన్నీ. ఆ ధైర్యం మన క్రాఫ్టు మాస్టారి చలవే.

ఒకసారి పెట్రోలు ట్యాంకు కారింది. పెట్రోలంతా వంపేసి, ఖాళీయే కదా అని వెల్డింగుకు కూర్చున్నాను. పక్కనే మా అమ్మాయి నిలబడి చూస్తోంది. "పని మొదలుపెట్టే ముందు ప్రమాదం ఎక్కడుందో చూసుకోరా" అన్న మాస్టారి మాట గుర్తొచ్చింది. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి మిగిలే ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలిపోతుంది. వెంటనే ఆపేశాను. వేరే ట్యాంకు వేయించాను.

ఆ క్రాఫ్టు గదికి ఇప్పుడు తాళం వేసి ఉంది. మనమంతా కలిసి తెరిపిద్దాం. శనివారాలు వచ్చి పిల్లలకు నేర్పడానికి నేను సిద్ధం. సెలవు.