పగ నుంచి ప్రవ్రజ్య దాకా: కింగ్ హూ ‘ఎ టచ్ ఆఫ్ జెన్’



మన ఫిల్మ్ సొసైటీ మాస్టారి పేరిట ఏటా జరిపే ఈ ఉపన్యాసానికి నేను ఒక కత్తియుద్ధాల సినిమాను ఎంచుకున్నాను. కరుణ గురించి ఇంత గాఢంగా ఆలోచించిన చిత్రాలు నాకు తెలిసి బహు కొద్ది. ఆ ఆలోచన అందులోకి ఎలా వచ్చి చేరిందో చెప్పాలంటే మూడు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

చైనా కథకుడు పూ సోంగ్‌లింగ్ 1640లో పుట్టి 1715లో పోయాడు. రాచకొలువు పరీక్షల్లో పదే పదే తప్పి, పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికిన పండితుడు. దయ్యాలూ మాయనక్కలూ తిరిగే ఆయన కథలు 1766లో గానీ అచ్చుకాలేదు. వాటిలో ‘షియా న్యూ’ చాలా చిన్న కథ. పక్కింటి అమ్మాయి ఒక పేద పండితుడికి బిడ్డను కని ఇస్తుంది. తన తండ్రి చావుకు కారకుడైనవాడి తల నరుకుతుంది. ఆ తర్వాత మాయమవుతుంది. ఆ కథను నడిపేవి రెండే, ఋణమూ పగా.

దాన్ని మూడు గంటల చిత్రంగా పెంచినవాడు కింగ్ హూ. బీజింగ్‌లో పుట్టి, 1949లో హాంకాంగ్ చేరి, సెట్ల అలంకరణ చేసి, నటించి, షా బ్రదర్స్ సంస్థలో దర్శకుడయ్యాడు. 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మీ’ తీశాక తైవాన్ వెళ్లాడు. అక్కడ 1967లో వచ్చిన ‘డ్రాగన్ ఇన్’ విరగబడి ఆడింది. ఆ విజయం ఇచ్చిన చొరవతోనే ఈ పెద్ద పనికి పూనుకున్నాడు.

ఆయన ముందుగా కథకు చరిత్రను తొడిగాడు. మింగ్ వంశం చివరి రోజుల్లో వెయ్ జోంగ్‌షియాన్ అనే నపుంసక అధికారి రహస్య పోలీసులతో రాజ్యాన్ని గుప్పిట పట్టాడు. అతన్ని ఎదిరించిన యాంగ్ ల్యెన్ 1625లో చెరసాలలో చిత్రహింసలకు గురై చనిపోయాడు. కథలోని అనామక అమ్మాయిని కింగ్ హూ ఆ యాంగ్ ల్యెన్ కూతురిని చేశాడు. అలా ఒక ఇంటి పగ ఒక కాలపు అన్యాయంగా మారింది. రెండో చేర్పు ఇంకా పెద్దది. మూలకథలో లేని హుయ్ యువాన్ అనే బౌద్ధ మఠాధిపతిని తెచ్చి నిలబెట్టాడు. ఆ పాత్ర రాయ్ చావ్‌ది.

మొదటి కత్తి దూయడానికే దాదాపు గంట పడుతుంది. అప్పటిదాకా మనం చూసేది బొమ్మలు వేసి పొట్టపోసుకునే గూ అనే పండితుణ్ణి, పరీక్షకు వెళ్లమనీ పెళ్లి చేసుకోమనీ అతన్ని పోరే తల్లిని, రెల్లు పెరిగిన పాడుబడ్డ కోటను. ఈ నిదానం కొందరికి విసుగు. నాకైతే అదే ప్రాణం.

ఆ కోటలో దయ్యాలున్నాయని ఊళ్లో పుకారు. యుద్ధతంత్ర గ్రంథాలు చదివిన గూ ఆ పుకారునే ఆయుధం చేసుకుని, ఆ అమ్మాయిని పట్టుకోవడానికి వచ్చే శత్రుసేనకు వల పన్నుతాడు. రాత్రంతా మారణకాండ. తెల్లవారాక తాను కట్టిన గంటలనూ నిలబెట్టిన బొమ్మలనూ ఒక్కొక్కటే చూసుకుంటూ పగలబడి నవ్వుతాడు. అలా నవ్వుతూ ముందుకు నడుస్తాడు. అప్పుడు శవాలు కనపడతాయి, ఒకటి తర్వాత ఒకటి. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. భిక్షువులు వచ్చి చనిపోయినవారికి అంత్యక్రియలు చేస్తారు. అతను ప్రేమించిన ఆ అమ్మాయి, యాంగ్, ఎక్కడా లేదు. తర్వాత వాళ్ల బిడ్డను అతనికి అప్పగించి తాను హుయ్ యువాన్ మఠంలోనే ఉండిపోతుంది. చిత్రం బౌద్ధంలోకి అడుగుపెట్టింది ఆ ఉదయమేనని నా నమ్మకం. గెలిచినవాడికే తన గెలుపు భయం పుట్టించింది. ఆ మాట చెప్పడానికి కింగ్ హూకి ఒక్క ఉపదేశవాక్యం అవసరపడలేదు.

వెదురువనంలో జరిగే పోరు గురించి అందరూ రాశారు. కొద్ది నిమిషాల ఆ దృశ్యానికి 25 రోజుల షూటింగ్ పట్టింది. పోరాటాలు కూర్చిన హాన్ యింగ్‌జ్యే బీజింగ్ ఒపెరాలో తర్ఫీదు పొందినవాడు. ట్రాంపొలిన్ల మీంచి ఎగిరే మనుషుల్ని కింగ్ హూ ముక్కలు ముక్కలుగా కత్తిరించాడు. గాల్లోకి లేవడం ఒక షాటు, దిగడం ఒక షాటు, నడుమ అంతా మన కంటికి అందకుండా జారిపోతుంది. చూసిందేమిటో తేల్చుకునే లోపే అది ముగుస్తుంది. ఎడిటింగ్ బల్ల మీద అనిత్యాన్ని పట్టుకున్నవాడని ఆయన్ని అంటే అతిశయోక్తి అనుకోను.

చివర్లో హుయ్ యువాన్ వట్టి చేతులతో కత్తుల్ని ఆపుతాడు. పశ్చాత్తాపం నటిస్తూ మోకరిల్లిన శత్రువు ఆయన్ని పొడుస్తాడు. గాయంలోంచి బంగారు రంగు నెత్తురు కారుతుంది. పొడిచినవాడికి మతి చలిస్తుంది, సూర్యుడు శిరసు వెనక వెలుగుతుండగా గురువు ధ్యానంలో కూర్చుంటాడు. జెన్ అని మనం పిలిచే చాన్ సంప్రదాయం తన భారతీయ గురువుల వరుసలో ఆచార్య నాగార్జునుణ్ణి కూడా చెప్పుకుంటుంది. నాగార్జునకొండ పేరు వింటూ పెరిగిన మనకు ఆ మఠం మరీ పరాయిది కానక్కర్లేదు.

తైవాన్‌లో చిత్రాన్ని రెండు భాగాలుగా విడుదల చేశారు. ఆదరణ దక్కలేదు. తర్వాత కుదించి ఒకే చిత్రంగానూ ఆడించారు. 1975లో మూడు గంటల ప్రతి కాన్ ఉత్సవానికి వెళ్లి సాంకేతిక ప్రతిభకు బహుమతి అందుకున్నాకే ప్రపంచం తిరిగి చూసింది. ఆంగ్ లీ 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో వెదుళ్ల మీద పోరు పెట్టి ఆ ఋణం చాటుకున్నాడు. యాంగ్‌గా నటించిన సూ ఫెంగ్ తర్వాత నిర్మాతగా మారి, 1993లో కాన్‌లో అత్యున్నత పురస్కారం పంచుకున్న ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ నిర్మించింది. కింగ్ హూ 1997లో తైపేలో కన్నుమూశాడు.

2015లో చిత్రాన్ని 4కెలో పునరుద్ధరించిన ప్రతి వచ్చింది. మాస్టారి పేరిట మన సొసైటీ ఆ ప్రతిని తెప్పించి, పెద్ద తెర మీద, ఒక్క నిమిషం కూడా కోయకుండా వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.