భరోసా వేరు, పూచీ వేరు



అప్పు తీసుకునేవాడి పక్కన నిలబడేవాళ్లు రెండు రకాలు. "భయపడకు, నేనున్నాను కదా" అని భుజం తట్టేవాడు ఒకడు. కాగితం మీద పూచీ సంతకం పెట్టేవాడు ఇంకొకడు. గడువు వచ్చేదాకా ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. గడువు రోజున తేడా తెలుస్తుంది. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన ఉక్రెయిన్‌తో పాశ్చాత్య దేశాలు ఎలా నడుచుకున్నాయో అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

1991 ఆగస్టు 1న అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ కీవ్‌లోని శాసనసభలో మాట్లాడారు. గోర్బచెవ్ బలహీనపడకూడదన్నది ఆయన ఆరాటం. స్వేచ్ఛ, స్వాతంత్ర్యం ఒకటి కావని, జాతి ద్వేషం మీద నిలిచే ఆత్మహత్యాసదృశమైన జాతీయవాదానికి అమెరికా తోడ్పడదని హెచ్చరించారు. అదే నెల 24న ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డిసెంబర్ 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 90 శాతానికి పైగా దానికి ఔనన్నారు. కొత్త దేశం పుట్టక ముందే, దాని ఆశకన్నా పెద్ద దేశాల మధ్య సర్దుబాటే ముఖ్యమని తేలిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక పాశ్చాత్య దేశాలను కలవరపెట్టింది అణ్వాయుధాలు. సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు ఉక్రెయిన్ గడ్డ మీద మిగిలాయి. ప్రయోగించే సంకేతాలు మాత్రం మాస్కో చేతిలోనే ఉండేవి. చెర్నోబిల్ ఘోరాన్ని 1986లో కళ్లారా చూసిన ప్రజలు వాళ్లు. అణ్వాయుధాలు వద్దని 1990 జూలైలోనే, సార్వభౌమత్వ ప్రకటనలో రాసుకున్నారు. అయితే వాటిని వదులుకుంటే మాకు రక్షణ ఎవరని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న.

1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో దానికి జవాబుగా ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలు జరిగాయి. క్లింటన్, యెల్త్సిన్, జాన్ మేజర్, ఉక్రెయిన్ తరఫున కుచ్మా సంతకం పెట్టారు. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని, దాని మీద బలం ప్రయోగించమని ఆ మూడు దేశాలూ మాట ఇచ్చాయి. ఇక్కడే కిటుకు ఉంది. ఉక్రెయినీ, రష్యన్ ప్రతుల్లో "గ్యారంటీ" అనే మాట ఉంది. ఇంగ్లీషు ప్రతిలో మాత్రం "అష్యూరెన్స్" అని, అంటే భరోసా అని ఉంది. ఎవరైనా మాట తప్పితే సైన్యంతో వచ్చి ఆదుకుంటామని అందులో ఎక్కడా లేదు. సంప్రదింపులు జరుపుతామని ఉంది. అణ్వాయుధంతో దాడి జరిగితే భద్రతా మండలికి వెళతామని ఉంది. ఆ మండలిలో రష్యాకు వీటో ఉంది! అయినా ఉక్రెయిన్ మాట నిలబెట్టుకుంది. 1996 జూన్ నాటికి చివరి వార్‌హెడ్ కూడా రష్యాకు వెళ్లిపోయింది.

2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్‌లో మరో సగం మాట. ఉక్రెయిన్, జార్జియా ఏదో ఒక రోజు నాటో సభ్యులవుతాయని ప్రకటించారు. ఎప్పుడో, ఎలాగో చెప్పలేదు. బలవంతుడికి కోపం తెప్పించడానికి ఆ మాట సరిపోయింది, బలహీనుణ్ణి కాపాడటానికి చాలలేదు. 2014లో క్రిమియా పోయింది. 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి దండయాత్ర మొదలైంది.

నేరం దాడి చేసినవాడిదే. అందులో సందేహం వద్దు. పాశ్చాత్య దేశాలు తర్వాత ఆంక్షలు పెట్టాయి, ఆయుధాలు, డబ్బు ఇచ్చాయి. అదీ నిజమే. కానీ యెహెజ్కేలు 29వ అధ్యాయం చూడండి. ఇశ్రాయేలు ఆనుకున్నప్పుడు విరిగి గాయపరచిన రెల్లు కర్ర అని దేవుడు ఐగుప్తును నిందిస్తాడు. ఆనుకున్నవాడు తెలివితక్కువవాడని సరిపెట్టడు, విరిగిన కర్రనే లెక్క అడుగుతాడు.

ఆ లెక్క మనల్నీ అడుగుతుంది. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యా దాడిని తప్పుపట్టాయి. 35 దేశాలు ఓటుకు దూరంగా ఉన్నాయి. మన దేశం ఆ 35లో ఒకటి. అదే రోజుల్లో ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు సరిహద్దులు దాటి ఇంటికి చేరుతున్నారు. వాళ్ల కోసం మనం కన్నీళ్లతో ప్రార్థించాం. వాళ్లు విడిచి వచ్చిన ఊళ్ల కోసం ఎంతమందిమి ప్రార్థించాం?

మనం నిరాయుధీకరణ కోరేవాళ్లం. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకోవడం తప్పని నేను అనను, అది మంచి పనే. అందుకే ఈ బాధ. ఆయుధం దించినవాడే మోసపోయాడని లోకానికి తోస్తే, రేపు ఇంకెవరు దించుతారు? శాంతి కోరేవాళ్లు "దించండి" అనడంతో ఆగిపోకూడదు. దించినవాడికి ఎవరు పూచీ, ఏ మేరకు పూచీ అని కూడా అడగాలి.

మన సంఘాల్లోనూ అంతే. భూమి పోయినవాడితో, వెట్టి నుంచి బయటపడినవాడితో "మేమున్నాం" అనే ముందు, కోర్టు వాయిదాకు ఎవరు వెళతారో, ఆ నెల బియ్యం ఎవరు ఇస్తారో పేర్లు రాసుకుందాం. మన అవును అవునుగా నిలిచేలా ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.