నృత్యము – ఆరోగ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా మెదడునకు మేత పెట్టుచున్న ఈ మందిరమున నేను కాళ్ళను గూర్చి మాటలాడ నిలిచితిని. నృత్యము వలన దేహమునకును మనస్సునకును కలుగు మేలు నా విషయము. నేను నర్తకుడను గాను, వైద్యుడను గాను. గచ్చిబౌలిలో ఉద్యోగము చేయుచున్న నా కుమార్తె యింట రెండేండ్లుంటిని. అచ్చట కన్నదియు, పిదప చదివినదియు మనవి చేసెదను.

గచ్చిబౌలియు ఒకనాడు బండరాళ్ళ నడుమ నున్న పల్లెయే. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము అచ్చట వెలసినది. 2002 జాతీయ క్రీడలకై పెద్ద క్రీడారంగము వచ్చినది. పిమ్మట కంప్యూటరు కంపెనీల గాజుమేడలు లేచినవి. ఆ మేడలలో మన బిడ్డలు రేయింబవళ్ళు కుర్చీకి అంటుకొని పనిచేయుచున్నారు. హైదరాబాదులోని ఐ.టి. ఉద్యోగులను 345 మందిని పరీక్షించి శాస్త్రజ్ఞులు 2025లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు చేరియున్నదట! నాగలి పట్టిన మన తాతలు ఇట్టి జబ్బు పేరైనను విని యెరుగరు.

నా కుమార్తెకు మెడనొప్పి, నిద్రలేమి. ఇంటికి వచ్చినను మాట లేదు, నవ్వు లేదు. అట్టి పిల్ల ఒకనాడు సమకాలీన నృత్యము నేర్వబోవుచుంటినన్నది. “ముప్పది దాటిన పిమ్మట గజ్జె కట్టుట యేమమ్మా?” అని కసరితిని. “గజ్జెలు లేవు నాన్నా, చెప్పులు కూడ లేవు, వచ్చి చూడండి” అన్నది.

వెళ్ళితిని. ఇరువదిమంది వరకు నేలపై వెల్లకిల పరుండి ఊపిరి పీల్చి వదలుచుండిరి. దీనికి నృత్యమని పేరా యని మొదట నాకు నవ్వు వచ్చినది. క్రమముగా, శ్వాస విడుచునప్పుడు నడుము లోనికి ముడుచుచు, పీల్చునప్పుడు వెన్ను విప్పుచు లేచిరి. అమెరికాలో మార్తా గ్రాహం అను నర్తకి గత శతాబ్దపు పూర్వభాగమున ఈ ముడుపు విడుపుల మీదనే తన పద్ధతిని నిర్మించినదని తరువాత చదివితిని. పిమ్మట దెబ్బ తగులకుండ నేలపై పడుట, దొర్లుట, మరల లేచుట నేర్పిరి. ముసలితనమున పడుదుమేమో యని భయపడు మావంటివారికి ఇంతకంటె పనికివచ్చు విద్య యేది? కడపట ఇరువురిరువురుగా నిలిచి ఒకరి బరువు నొకరు మోసిరి. ఒకచోట తూకము తప్పి నా కుమార్తె కూలబడి పకపక నవ్వినది. ఆ నవ్వు విని నేను ముఖము ప్రక్కకు త్రిప్పుకొంటిని.

మనస్సునకు మేలెట్లు కలుగును? నర్తించువాడు తాళము వినవలెను, అడుగు జ్ఞాపకముంచుకొనవలెను, ప్రక్కవానితో పొంతన కుదుర్చుకొనవలెను. ఒక్క క్షణములో మెదడునకు ఇన్ని పనులు! న్యూయార్కులో 75 ఏండ్లు దాటిన 469 మందిని పరిశీలించి 2003లో ప్రకటించిన వ్యాసములో, శారీరక వ్యాపకములలో నృత్యమొక్కటియే మతిమరుపు వ్యాధి తగ్గుదలతో ముడిపడి కనబడినది. ఆరోగ్యవంతులే నర్తించిరేమో యను సందేహము లేకపోలేదు. అయినను త్రోసివేయదగిన మాట కాదు. 2015లో వెలువడిన వేరొక పరిశోధనలో, కలసి ఒకే లయలో కదలినవారికి నొప్పి నోర్చు శక్తియు, తోటివారిపై చెలిమియు పెరిగినవి. కూర్చుండి చేతులు మాత్రమే కదలించిన వారికిని ఈ ఫలము దక్కినది. బ్రూక్లిన్‌లో మార్క్ మారిస్ నృత్యబృందమువారు 2001 నుండి వణుకువాత రోగులకు నృత్యము నేర్పుచున్నారు.

2010 డిసెంబరులో గచ్చిబౌలి క్రీడారంగమున 2,800 మందికి పైగా కళాకారులు ఒక్కసారిగా కూచిపూడి తిల్లాన ఆడిరి. మనము టెలివిజనులో చూచి చప్పట్లు కొట్టితిమి. ఆనందము మనకును కలిగినది గాని, ఆరోగ్యము ఆడినవారిదే గదా!

మన కోలాటము, చెక్కభజన, బతుకమ్మ చుట్టు తిరుగుట ఇవన్నియు లయ, శ్వాస, తోటివారి సాంగత్యము గలవే. మనవద్ద ఉచితముగా నుండినదానిని పట్టణమువారు రుసుము చెల్లించి నేర్చుచున్నారని గర్వింపబోతిని గాని, నోరు రాలేదు. ఈ యూరిలో నలువది దాటిన మగవాడు కోలు పట్టి యెన్నాళ్ళయినది? సిగ్గు. అడుగు తప్పిన నవ్వుదురను జంకు. సమకాలీన నృత్యమున తప్పుటడుగు అనునది అంతగా లేదు. ఎవరి దేహము ఎంత వంగునో అంతయే కొలత. నావంటి పిరికివారికి అదియే ధైర్యము.

ఒక హెచ్చరిక. మోకాళ్ళరుగుదల, గుండెజబ్బు గలవారు వైద్యు నడిగి దిగవలెను. తీవ్రమైన దిగులు గలవారికి నృత్యము మందునకు తోడే గాని మందునకు బదులు కాదు. పెద్దలకు వారమునకు 150 నిమిషముల మితమైన వ్యాయామము వలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నృత్యమును ఆ లెక్కలో చేర్చుకొనవచ్చును.

నా కుమార్తె సంక్రాంతి సెలవులకు వచ్చుచున్నది. నాలుగు సాయంకాలములు నేర్పుటకు ఒప్పుకొన్నది. పత్రికలు చదువువారు వెళ్ళిన పిమ్మట ఈ హాలులోని బల్లలు ప్రక్కకు జరుపుకొనుటకు కార్యదర్శిగారి అనుమతి వేడుచున్నాను. చాపలు నేను తెచ్చెదను. మొదటి వరుసలో నేనే పరుండెదను. నవ్వువారు రెండవ వరుసలోనికి రావచ్చును.